దానియేలు గుండెలో రంధ్రం

ఎస్తేరమ్మకు కోపం వచ్చిన రోజున కుక్కర్ కూడా భయపడి విజిల్ వేయదని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె వంట చేసే లేడీస్ హాస్టల్ ఆడపిల్లలు చెప్పుకుంటారు. కాస్త ఎక్కువే చెప్పుకుంటారు గానీ, ఆమెకు కోపం రాని రోజు ఎలా ఉంటుందో వాళ్ళలో ఎవరూ చూడలేదు. కంచంలో అన్నం వదిలేస్తే కోపం. అన్నం మానేసి చిప్స్ తింటే ఇంకా కోపం. కోచింగ్ సెంటర్ వాడు తెల్లారకముందే పిల్లల్ని లేపి పరీక్ష పెడితే, తానెన్నడూ చూడని ఆ మనిషి మీద కూడా కోపమే. "వాని తల్లి వాన్ని గిట్లనే నిద్ర చెడగొట్టి పెంచిందా?" అని పప్పుగుత్తి పట్టుకుని అడుగుతుంది. వాడికి వినబడదు. పిల్లలకు వినబడుతుంది, వాళ్ళు నవ్వుకుంటూ ఇంకో గరిటె పప్పు వేయించుకుంటారు.

ఆమెది సాగర్ రోడ్డు మీద మాల్ అనే ఊరు దాటి లోపలికి పోతే వచ్చే కొత్తులగూడెం. తల్లి పోయేనాటికి తమ్ముడు దానియేలు ఇంకా చంకలో పిల్లవాడు. అప్పటికి ఎస్తేరమ్మకూ పెద్ద వయసేం లేదు, అయినా వాణ్ని ఆమే పెంచింది. పెళ్ళయ్యాక భర్త జాషువా మేస్త్రీ పని వెతుక్కుంటూ ఆమెను ఎల్బీనగర్‌కు తెచ్చాడు. తెచ్చి నిలబెట్టి, కొన్నాళ్ళకు జ్వరమొచ్చి ఆయన పోయాడు. పిల్లల్లేరు. ఊరికి తిరిగిపోయి ఒకరి చేతి కింద బతకడం ఆమె ఒంటికి సరిపడదు. అందుకని ఎల్బీనగర్ వెనక సందుల్లో ఒక్క గది కిరాయికి ఉంచుకుని, పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి హాస్టల్ వంటకు పోతూ ఉండిపోయింది. ఈ లోకంలో తనవాడని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలినవాడు దానియేలు ఒక్కడే. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత ఆమె వేసిన కేకలన్నీ ఆ ఒక్కడి కోసమే.

దానియేలు గోడల మీద రాతలు రాసే పెయింటర్. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గోడ మీద అందమైన అక్షరం కనబడితే అది వాడిదే. బడి గోడ మీద గుణింతాలు వాడివే, చర్చి గోడ మీద వాక్యమూ వాడిదే. ఎన్నికలొస్తే అన్ని పార్టీల వాళ్ళూ వాడి ఇంటి ముందే నిలబడేవాళ్ళు. ఎవరు గెలిచినా ఓడినా అక్షరం మాత్రం ఓడిపోయేది కాదు. రాస్తున్నంత సేపూ పాట పాడేవాడు, పక్కన నలుగురు పిల్లలు చేరితే ఆ పాట ఇంకాస్త పెద్దదయ్యేది.

అలాంటివాడు ఒక వానాకాలంలో కుంచె కింద పెట్టాడు. వాన తగ్గాక కూడా మళ్ళీ పట్టలేదు. అరుగు మీద కూర్చుంటే పొద్దు గూకేదాకా అక్కడే. తినమంటే తింటాడు, రుచి అడిగితే చెప్పలేడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. భార్య పుష్పలత పొలం పనికి పోయి వచ్చేసరికి ఎలా వదిలిపోయిందో అలాగే ఉండేవాడు. "ఏమైందిరా?" అని అడిగినవాళ్ళకు వాడు చెప్పిన జవాబు ఒక్కటే: "రంది పడ్డది."

రంది అంటే ఏమిటో ఈ నేల మీద పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. దిగులు అందామంటే అది చిన్నమాట. బెంగ అందామంటే అది అమ్మను వదిలి బడికి పోయిన పిల్లలకు వచ్చేది. రంది మనిషి లోపల పీట వేసుకుని కూర్చుని మనిషిని తింటుంది. దాంతో పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దానికి మందు ఉంటుందని మాత్రం ఏ ఊళ్ళోనూ ఎవరూ చెప్పలేదు.

ఊరు తనకు తెలిసింది చేసింది. సూదులు వేసే లింగస్వామి బలానికని గ్లూకోజ్ ఎక్కించాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, పోతూ పోతూ "దవాఖానకు గూడ తీసుకపోండమ్మా" అని చెప్పాడు. మిగతావాళ్ళు కారణం వెతికారు. పంట పోయిందా? వాడికి పొలమే లేదు. భార్యతో గొడవా? ఆమె గొంతు ఎవరూ వినలేదు. "ఏం తక్కువైందిరా నీకు?" అని అడిగారు. ఎస్తేరమ్మ కూడా అదే అడిగింది, ఫోన్లో, ఇంకాస్త గట్టిగా: "దున్నపోతు లెక్క ఉన్నవ్, లేసి పని జేసుకోరాదు?" అవతల నుంచి తమ్ముడు "సరే అక్కా" అన్నాడు. ఆ 'సరే'లో ఏదో తేడా కొట్టి ఆమె మర్నాడే బస్సెక్కింది.

వాణ్ని చూశాక ఆమె కోపం దారి మార్చుకుని ఊళ్ళోని సర్కారు దవాఖాన మీద పడింది. అక్కడి నర్సు మంచిగానే చెప్పింది. బీపీ చూసింది, షుగర్ చూసింది, రెండూ లేవంది. దీనికి తమ దగ్గర గోళీ లేదని, పై దవాఖానకు పొమ్మని చెప్పింది.

"షుగరుంటె ఇంటికొచ్చి గోళీలిస్తరు," అంది ఎస్తేరమ్మ. "బీపీ ఉంటె ఇంటికొచ్చి చెయ్యికి పట్టీ కడ్తరు. రందికైతే మనిషే బస్సెక్కి పట్నం పోవాల్నా? అరుగు దిగలేనోడు బస్సెట్ల ఎక్కుతడే?"

"నన్నంటె నేనేం జేస్త అమ్మా, వచ్చిన గోళీలు ఇచ్చేదాన్ని."

"నిన్ను గాదు, నిన్ను ఉత్త చేతుల్తోని ఈడ కూసోబెట్టినోల్లను అంటున్న!"

ఆ కూర్చోబెట్టినవాళ్ళు అక్కడ లేరు. తిట్టవలసిన వాళ్ళు ఎప్పుడూ తిట్టే చోట ఉండరు. ఎస్తేరమ్మ తమ్ముణ్ని వెంటబెట్టుకుని పట్నం వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ పిల్లలకు జ్వరమొస్తే తీసుకుపోయే క్లినిక్ ఒకటుంది. డాక్టరు సాంబమూర్తిగారిది గోదావరి వైపు. ఇక్కడికొచ్చి స్థిరపడి జుట్టు తెల్లబడినా మాట మాత్రం అక్కడిదే. మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎస్తేరమ్మకు పని సులువయ్యేది.

"ఏంటమ్మా, ఏమైందండి ఈయనకి?"

"గుండెల రంది పడ్డది సార్ మా తమ్మునికి."

సాంబమూర్తిగారు రాస్తున్న పెన్ను ఆపేశారు. "గుండెలో రంధ్రమా? ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఇక్కడ ఎస్తేరమ్మ ఒక్క క్షణం ఆగింది. తాము సందురుడంటే చదువుకున్నవాళ్ళు చంద్రుడంటారు. తాము నిద్దర అంటే వాళ్ళు నిద్ర అంటారు. అలాగే తాము రంది అనేదాన్ని వాళ్ళు కాస్త నోరు తిప్పి రంధ్రం అంటారు గామోసు అనుకుంది. "అవు సార్, అదే, రంధ్రమే," అంది.

"ఎప్పట్నుంచీ? పుట్టినప్పట్నుంచీ ఉందా?"

"పుట్టినప్పుడేడిది సార్? మొన్నటి వానకాలం సంది."

"ఎవరైనా డాక్టరు చూసి చెప్పారా?"

"డాక్టరెందుకు సార్, సూస్తెనే తెల్వదా? ఊరంత తెల్సు."

ఆయన తల పట్టుకున్నారు. ఆయాసం ఉందా అని అడిగితే కూర్చున్న చోటనే ఆయాసమంది ఆమె. గుండె బరువుగా ఉంటుందా అంటే దానియేలు తల ఊపాడు. ఆయన తన వంతుగా ఇంకో మంచి ప్రశ్న కూడా అడిగారు: "మనసులో దిగులుగా ఏమైనా ఉంటుందా బాబూ?" దానియేలు ఆలోచించి "లేదు సార్" అన్నాడు. దిగులు వాడికి సినిమా పాటల్లో వినబడే మాట. వాడికి ఉన్నది రంది. దాని పేరు అక్క అప్పటికే చెప్పేసింది కదా.

ఇద్దరూ మాట్లాడింది తెలుగే. ఇద్దరూ మంచే కోరారు. దానియేలుకు ఛాతీ మీద చల్లటి జిగురు పూసి గుండెకు స్కానింగ్ చేశారు. తెర మీద తమ్ముడి గుండె కొట్టుకోవడం ఎస్తేరమ్మ కళ్ళారా చూసింది.

"రంధ్రం లేదు, ఏమీ లేదు," అన్నారు సాంబమూర్తిగారు నవ్వుతూ. "మీ తమ్ముడి గుండె గుర్రం గుండెలా ఉందమ్మా. ఏ జబ్బూ లేదు. హాయిగా ఇంటికెళ్ళి పని చేసుకోమనండి."

ఎస్తేరమ్మకు ఆ రోజు కోపం రాలేదు. ఆమె జీవితంలో కోపం రావలసిన రోజున రాకపోవడం అదొక్కసారే. అంత పెద్ద మిషన్‌లో కనబడలేదంటే రంది లేనట్టేనని సంబరపడి, రోడ్డు పక్క బండి మీద తమ్ముడికి మిర్చి బజ్జీ ఇప్పించింది. వాడు దాన్ని చల్లారేదాకా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎల్బీనగర్‌లో సాగర్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సు కోసం ఆగినప్పుడు అడిగాడు: "అక్కా, మిషిన్ల గూడ కనబడలేదంటె నాకు రోగం లేనట్టే గదా?"

"లేదురా, పానం మంచిగున్నది."

"అంటె తప్పు నాదే," అన్నాడు.

అంతలో బస్సు వచ్చింది. తమ్ముడికి కిటికీ పక్క సీటు దొరికించే తొందరలో ఆ మాట ఆమె చెవి దాకా వచ్చి ఆగింది. లోపలికి పోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఊళ్ళో ఈలోగా వేరే కథ నడిచింది. పట్నంలో ఏం చెప్పారని పుష్పలతను అడిగితే, గుండెల రంధ్రం ఉందేమోనని పరీక్ష చేశారని చెప్పింది. ఆ మాట అంతయ్య చెవిన పడింది. అంతయ్య ఊళ్ళో పెద్దమనిషి. ఆయన చెవిన పడితే మైకులో చెప్పినట్టే. పొద్దుగూకేసరికి 'ఉందేమో' ఎగిరిపోయి రంధ్రం మిగిలింది. రంది అన్నన్నాళ్ళూ గడప తొక్కని జనం, రంధ్రం అనేసరికి బత్తాయిలు పట్టుకుని వచ్చారు. "అయ్యో, గింత చిన్న వయసుల!" అన్నారు. పాపం అన్నారు. గుండెకు చిల్లు పడితే పాపం, మనసుకు పడితే ఒళ్ళు బద్ధకం. ఇదీ మన న్యాయం.

ఎస్తేరమ్మ పులిహోర కలుపుతుండగా పుష్పలత ఫోన్ చేసింది. "వదినె, ఆయన పొద్దున్నే లేసి కుంచెలన్ని కడిగిండు. నేను సంబురపడ్డ. కడిగి తీసుకపోయి బడి సారుకు ఇచ్చేసిండు, డబ్బాలు గూడ. మల్ల నీకో అంటె, ఇంక నాకెందుకు అన్నడు. నవ్వుకుంట అన్నడు వదినె."

ఎస్తేరమ్మ చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. బస్సు దగ్గర ఆగిపోయిన మాట అప్పుడు లోపలికి పోయింది. తప్పు నాదే.

"పుష్పా, వాని చెయ్యి ఇడ్వకు. పొలం లేదు గిలం లేదు. నేనొచ్చేదాక చెయ్యి పట్టుకొనే కూసో," అని స్టవ్ ఆర్పింది. హాస్టల్ వార్డెన్ వంట సంగతేమిటని అడిగితే, "మీకు చేతుల్లేవా?" అని చెప్పులేసుకుంది.

ఊరికి పోయి ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చింది. మర్నాడు ముగ్గురూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కారు. ఎక్కడికో దానియేలుకు చెప్పలేదు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ దాటి, అమీర్‌పేట కూడా దాటాక, తర్వాతి స్టేషన్ ఎర్రగడ్డ అని మైకు చెప్పింది. దానియేలు సీటు కడ్డీ పట్టుకున్నాడు. ఎర్రగడ్డ అంటే మామూలు ఊరిపేరు కాదు, పిచ్చాసుపత్రి ఉన్న చోటు. మన దిక్కు అదొక తిట్టు. వెర్రిపని చేసినవాణ్ని "నిన్ను ఎర్రగడ్డకు తోలాలె" అంటారు. చిన్నప్పుడు ఆ మాట దానియేలూ అన్నవాడే, ఎస్తేరమ్మా అన్నదే.

"నేను దిగ. నాకు పిచ్చి లేదక్కా. ఊర్ల తెలిస్తె?"

"తెల్వదు. గుండెల రంధ్రమని చెప్తున్నరు గదా, అదే చెప్పుకోనీ. నీకు రంధ్రమే. నేను గూడ అదే చెప్త. లే!"

తలుపులు మూసుకోబోతుంటే చెయ్యి పట్టి లాగేసింది. పెట్టెలోని జనం అంతా చూశారు. ఆమె వాళ్ళ వైపు చూసిన చూపుకు మళ్ళీ అందరూ ఫోన్లలోకి పోయారు.

పెద్ద దవాఖానలో చాలాసేపు కూర్చున్నాక ఒక చిన్న వయసు డాక్టరమ్మ పిలిచింది. పేరు ప్రవీణ. తల్లిగారిల్లు వీళ్ళ దిక్కే, దేవరకొండట. ఆమె స్టెతస్కోపు తీయలేదు, మిషన్ దగ్గరికి పొమ్మనలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని అడిగింది: "రంది ఎప్పటిసంది అన్నా?"

దానియేలు నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. చంకలో ఉన్నప్పటి నుంచి వాడి ఏడుపు తెలిసిన ఎస్తేరమ్మ ఇలాంటి ఏడుపు ఎన్నడూ వినలేదు. ప్రవీణ ఆపమనలేదు. కొంచెం తగ్గాక ఇంకోటి అడిగింది: "సచ్చిపోవాలని అనిపిస్తుందా?" వాడు అక్క వైపు చూశాడు. పుష్పలత వైపు చూశాడు. తల ఊపాడు.

ప్రవీణ నిదానంగా చెప్పింది. ఇది రోగమేనంది. మిషన్‌లో కనబడనంత మాత్రాన లేనట్టు కాదంది. తప్పు నీది కాదన్నా అని రెండుసార్లు చెప్పింది. గోళీలు మధ్యలో మానకూడదు, నెలనెలా వచ్చి మాట్లాడాలి, కొన్నాళ్ళు ఒంటరిగా వదలకూడదు. రాసిచ్చిన గోళీలు అక్కడే ఊరికే ఇచ్చారు.

ఎస్తేరమ్మ వరండాలోకి వచ్చి నిలబడింది. ఒక్క మాట. ఎప్పటిసంది అన్నా, అని ఒక్క మాట అడిగేవాళ్ళు లేక తన తమ్ముడు చావు అంచుదాకా పోయాడు. ఆ మాట అడిగే మనిషి కోసం సాగర్ రోడ్డు మొత్తం దాటి, పట్నం ఈ మూల నుంచి ఆ మూలకు రావాలా? లోపలికి మళ్ళీ పోయి ప్రవీణ మీదనే పడింది. "నువ్వు ఈడ కూసుంటె మాకేం లాభం బిడ్డా? మా ఊర్లె ఎందుకు కూసోవు?"

"నన్నడుగుతవేందక్కా," అంది ప్రవీణ, అలిసిపోయిన గొంతుతో. "నన్ను పంపేటోల్లను అడుగు. నేనూ అడుగుతున్న. ఇద్దరం అడుగుదాం."

ఎస్తేరమ్మ అడిగింది. ఎట్లా అడిగిందో ఆఫీసుల వాళ్ళను అడగాలి. సెలవు దొరికినప్పుడల్లా వైద్యశాఖ ఆఫీసు ముందు కూర్చుంది. సారు మీటింగులో ఉన్నాడంటే మీటింగు గది తలుపు దగ్గర కూర్చుంది. "దోమల మందు కొట్టనీకె మనిషి ఉంటడు, గొడ్లకు సూది వెయ్యనీకె మనిషి ఉంటడు. మనిషి మనసుకు మాత్రం మనిషి లేడా సార్?" అని అడిగింది. ఆ సారుకు ఆమె పేరు తెలియదు గానీ గొంతు తెలుసు. గొంతు వినబడగానే వెనక గుమ్మం వెతుక్కునేవాడు. అటు ప్రవీణ అర్జీల మీద అర్జీలు పెట్టింది. ఎవరి పోరు పనిచేసిందో గానీ, చివరికి వారానికొకసారి, బుధవారం నాడు, కొత్తులగూడెం సర్కారు దవాఖానలో కూర్చోవడానికి ప్రవీణకు ఆర్డరు వచ్చింది. గోళీలు కూడా అక్కడే ఇస్తారు.

దవాఖాన ముందు కొత్త బోర్డు పెట్టారు. మానసిక వ్యాధుల విభాగం అని పెద్ద అక్షరాలు. ప్రవీణ వచ్చి కూర్చుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క పురుగు రాలేదు. తర్వాతి బుధవారమూ అంతే, ఆ తర్వాతా అంతే. ఆ బోర్డు కింద నిలబడితే ఊరు చూస్తుంది కదా. ఎర్రగడ్డ నడిచి ఊళ్ళోకే వచ్చినట్టయింది. వచ్చేవాడు దానియేలు ఒక్కడే. వాడూ అందరూ తిండికి పోయిన వేళ చూసి, వెనక దర్వాజా నుంచి దూరి, గోళీలు జేబులో దాచుకుని వచ్చేసేవాడు. అలా పొమ్మని చెప్పింది ఎస్తేరమ్మే.

అవును, ఆమే. ఆఫీసర్ల మొహం మీద అంత అరిచిన మనిషి, ఊరి సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించేసింది. అంతయ్య నోటిలో పడితే తన తమ్ముడు జన్మలో పెయింటర్ కాడు, పిచ్చి దానియేలే అవుతాడని ఆమె భయం. నెలనెలా ఫోన్లో అడిగినవాళ్ళకు రంధ్రం కొంచెం పూడింది, ఇంకా కొంచెం పూడింది అని చెబుతూ వచ్చింది. చెప్పిన ప్రతిసారీ తన మీదే మండిపోయేది. ఆ మంట హాస్టల్లో పిల్లల కంచాల మీద తీరేది.

ఈలోగా వాడు మెల్లగా తేరుకున్నాడు. నిద్ర వచ్చింది. కూరలో ఉప్పెక్కువైందని పుష్పలతతో అన్నాడట. ఆమె ఆ వార్త చెప్పడానికి వదినెకు ఫోన్ చేసి ఏడ్చింది. ఒక శనివారం దానియేలు తానే దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. కుంచెలు, రంగు డబ్బాలు కొనుక్కున్నాడు. అవి చూసి ఎస్తేరమ్మ కడుపు నిండిపోయింది. బస్సు ఎక్కించడానికి సాగర్ రింగ్‌రోడ్డు దాకా తానూ వచ్చింది.

"ఏ గోడ రాస్తున్నవ్ రా మొదలు?"

"దవాఖాన బోర్డు," అన్నాడు. "ఇట్లనే ఎవ్వరు రాకుంటె వచ్చే నెల నుంచి బుధారం బంద్ చేస్తరంట. డాక్టరమ్మ చెప్పింది. బంద్ అయితె మల్ల నాకు ఎర్రగడ్డనే దిక్కు. నాకంటె నువ్వున్నవ్, తీస్కపోతవ్. లేనోల్లు?" డబ్బాలు కింద పెట్టాడు. "ఆ బోర్డు చెరిపి రంది దవాఖాన అని రాస్త. కింద, నాకు గూడ ఉండె అని నా పేరు రాస్త."

ఎస్తేరమ్మకు కళ్ళు ఎర్రబడ్డాయి. "పేరు రాస్తవా? సిగ్గులేదా? ఏడాది సంది నేను కడుపుల పెట్టుకొని దాస్తుంటె, నువ్వు గోడకెక్కిస్తవా? రేపటి సంది నిన్ను పనికి పిలిచేటోడుంటడా? పిల్లలు రాళ్ళేస్తరు! ఆ అంతయ్య నోట్ల పడ్డవంటె..."

"ఎవరమ్మా నా పేరు తల్సుకునేది?" అని వెనక నుంచి వినబడింది. అంతయ్యే. పట్నంలో బిడ్డ ఇంటికొచ్చి ఊరికి తిరిగి పోతున్నట్టున్నాడు, చేతిలో సంచి ఉంది. మాల్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. "ఏందిరా దానియేలూ, మల్ల రంగులు పట్టినవ్? రంధ్రం పూడిందా?"

ఎస్తేరమ్మ తమ్ముడి చెయ్యి గట్టిగా నొక్కింది. వాడు మెల్లగా విడిపించుకున్నాడు.

"రంధ్రం లేదు కాకా. ఎన్నడు లేకుండె. నాకు రంది ఉండె. సచ్చిపోదామనుకున్న. ఎర్రగడ్డకు పోయిన, గోళీలు తింటున్న. ఇప్పుడు మన దవాఖాన్లనే తీసుకుంటున్న, బుధారం బుధారం."

నడి బజారులో, అంత గోలలో, ఆ మాటలు స్పష్టంగా వినబడ్డాయి. ఎస్తేరమ్మ పిడికిలి బిగించి అంతయ్య నోటి వైపే చూసింది. వాన్ని ఒక్క మాట అను, ఈ రంగు డబ్బా నీ నెత్తిన పోస్త అనుకుంది.

అంతయ్య సంచి కింద పెట్టాడు. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మా ఇంటామె పోయిన కాడి నుంచి నాకు నిద్దర లేదురా," అన్నాడు నేల చూస్తూ. "బిడ్డ ఇంటికి వస్తున్న, పోతున్న. ఏడ కూసున్నా ఒక్కటే తీరు. నీకు రంధ్రమని ఊరంత నేనే చెప్పిన. నాది ఎవనికి చెప్పాలె? ఆ డాక్టరమ్మ... నా అసొంటి ముసలోన్ని గూడ సూస్తదా?"

ఎస్తేరమ్మకు ఒక్కసారిగా ఏడాది కోపం పొంగింది. ఈ నోటికేనా ఇన్నాళ్ళు భయపడింది? ఈ మనిషి కోసమేనా తమ్ముణ్ని దొంగలా వెనక గుమ్మం నుంచి పంపింది? తను దాచింది, వాడు దాచాడు, ఈయనా దాచాడు, ఒకరికొకరు భయపడి ఊరంతా దాచుకుని కూర్చుంది. అవతల ఒక ఆడపిల్ల గోళీలు ముందు పెట్టుకుని ఖాళీ గదిలో కూర్చుని పోతోంది.

"నీ నోరు పడిపోను!" అని అరిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని కూడా ఆమెకు తెలియదు. "గిదేదో ముందుగాల చెప్పరాదు? బుధారం పొద్దుగాల రా. అందరు సూస్తుండంగ రా. ముందల దర్వాజ నుంచి రా. ఎనక దర్వాజల కనబడ్డవంటె కాళ్ళిరుగ్గొడ్త, చెప్తున్న!"

మాల్ బస్సు వచ్చి ఆగింది. దానియేలు రంగు డబ్బాలు ఒక చేత్తో, అంతయ్య సంచి ఇంకో చేత్తో అందుకుని ఎక్కాడు. ఎస్తేరమ్మ ఇంకా కింద నిలబడి అరుస్తూనే ఉంది. బస్సు కదలబోతుంటే వెనక కిటికీలోంచి ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి తల బయటికి పెట్టింది.

"అక్కా, అది ఏ ఊర్ల?" అని అడిగింది. "బుధారమేనా?"